వర్చువల్ మెషీన్లలో స్టోరేజి క్యూలు: కోర్ల మధ్య పంపకం చరిత్ర

వర్చువల్ మెషీన్‌లో నడిచే ప్రోగ్రాములు డిస్కు నుంచి చదవమనో, డిస్కులో రాయమనో అడుగుతూనే ఉంటాయి. ఆ అభ్యర్థనలన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టకుండా ప్రాసెసర్ కోర్లకు తగ్గట్టు పలు క్యూలు ఏర్పరచి, అభ్యర్థన పంపే పని, పూర్తయిందన్న కబురు అందుకునే పని ఏ ఒక్క కోర్ నెత్తినా పడకుండా చూడటమే స్టోరేజి క్యూల పంపకం. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ (దీన్ని గెస్ట్ అంటారు), దాని కింద ఉండే హైపర్‌వైజర్, అసలు డిస్కు, ఈ మూడూ కలిసొస్తేనే ఇది సాగుతుంది. ఒక అంచెలో క్యూలు పెంచగానే ఇరుకు కింది అంచెకు జరిగింది. అక్కడ సరిచేయడానికి మళ్లీ కొన్నేళ్లు పట్టింది. ఈ విషయం చరిత్రలో ఎక్కువ భాగం ఇదే.

కడప జిల్లాలో పులివెందుల జేఎన్‌టీయూఏ ఇంజనీరింగ్ కళాశాల 2006లో, ఇడుపులపాయలోని ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలయ్యాయి. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయానికి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఇలాంటి చోట్ల చదివే విద్యార్థి వర్చువల్ మెషీన్‌ను మొదట చూసేది చాలావరకు తన ల్యాప్‌టాప్‌లోనే, వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ వేసుకున్నప్పుడు. నాలుగు కోర్లు కేటాయించినా, ల్యాప్‌టాప్‌లో ఖరీదైన ఎస్‌ఎస్‌డీ ఉన్నా, లోపలి లినక్స్‌కు కనిపించేది సాటా కంట్రోలర్, దానికి ఒకే ఒక్క క్యూ, అందులో 32 అభ్యర్థనలకు చోటు. ఆ ఒక్క క్యూ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మెయిన్‌ఫ్రేమ్‌ల కాలం

ఒకే యంత్రం మీద పలు యంత్రాలున్నట్టు నడిపించే పద్ధతిని ఐబీఎం 1960ల నడుమ తన కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో సీపీ-40 అనే ప్రయోగంతో మొదలుపెట్టింది. 1972లో వీఎం/370 పేరుతో దాన్ని ఖాతాదారుల ముందుకు తెచ్చింది. పెద్ద డిస్కును ముక్కలు చేసి ఒక్కో వర్చువల్ మెషీన్‌కు ఒక్కో ‘మినీడిస్క్’ ఇచ్చేవారు. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒక డిస్కుకు ఒకసారి ఒకే అభ్యర్థన పంపేది. అది పూర్తయ్యేదాకా రెండోది ఆగాల్సిందే. డిస్కులో తల ఒకచోటి నుంచి మరోచోటికి కదలాలి కాబట్టి అప్పట్లో దాన్నెవరూ లోపం అనుకోలేదు.

1999లో ఐబీఎం ‘ఎంటర్‌ప్రైజ్ స్టోరేజ్ సర్వర్’ను విడుదల చేసినప్పుడు ఆ లోపం బయటపడింది. దాని లోపల ఎన్నో డిస్కులు, పెద్ద క్యాష్ ఉన్నాయి. ఒకేసారి పలు అభ్యర్థనలు తీర్చగలదు. అయినా పైన ఉన్న సిస్టమ్ ఒక్కొక్కటే పంపుతోంది. పరిష్కారంగా ‘ప్యారలల్ యాక్సెస్ వాల్యూమ్స్’ వచ్చింది. ఒకే డిస్కుకు కొన్ని మారుపేర్లు ఇచ్చి, వాటిని వేర్వేరు డిస్కులని సిస్టమ్‌ను నమ్మించే ఉపాయం ఇది. చూడటానికి అతుకులా ఉన్నా, ఒక డిస్కుకు పలు దారులన్న ఆలోచన మెయిన్‌ఫ్రేమ్‌లోకి వచ్చింది దీనితోనే. పీసీల లోకం ఈ పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది.

డిస్కు వేగం పెరిగాక

నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు వంద, రెండొందల చెదురుమదురు అభ్యర్థనలకు మించి తీర్చలేదు. ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఆ లోపు ప్రాసెసర్ కోట్ల సూచనలు అమలు చేస్తుంది. అందుకే లినక్స్‌లో ఒక డిస్కుకు ఒక క్యూ, ఒకసారి ఒక్క కోరే ముట్టుకునేలా ఆ క్యూకు ఒక లాక్ అన్న ఏర్పాటు ఏళ్ల తరబడి నడిచింది. పైగా అభ్యర్థనలన్నీ ఒకేచోట ఉంటే వాటిని వరుస మార్చి తల కదలిక తగ్గించవచ్చు. అప్పట్లో ఒకే క్యూ ఉండటం మేలే చేసింది.

ఫ్లాష్ నిల్వ వచ్చాక లెక్క తిరగబడింది. 2011 మార్చిలో ఫ్లాష్ డిస్కుల కోసం ఎన్‌వీఎంఈ అనే ప్రమాణం తొలి కూర్పు వెలువడింది. సాటా కంట్రోలర్‌కు ఒక్క క్యూ, 32 అభ్యర్థనలు అయితే, ఎన్‌వీఎంఈ గరిష్ఠంగా 65,535 క్యూలకు, ఒక్కో క్యూలో 65,536 అభ్యర్థనల దాకా వీలిచ్చింది. అన్ని క్యూలు వాడే డిస్కు ఎక్కడా లేదు. ఒక్కో కోర్‌కు ఒక్కో క్యూ ఇచ్చేస్తే కోర్ల మధ్య లాక్ కోసం కొట్లాట ఉండదన్నదే ఇక్కడ అసలు ఉద్దేశం.

డిస్కు సిద్ధమైనా కెర్నెల్ సిద్ధంగా లేదు. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌లో ఎన్ని టీఎంసీలున్నా తెరిచింది ఒక్క తూమే అయితే కాలువలో పారేది ఆ తూము పట్టినంతే. లినక్స్ కెర్నెల్‌లో డిస్కు అభ్యర్థనలు చూసే బ్లాక్ లేయర్ పరిస్థితీ అదే. 2013లో ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగిన సిస్టార్ సదస్సులో మతియాస్ బియోర్లింగ్, యెన్స్ ఆక్స్‌బో, డేవిడ్ నెలన్స్, ఫిలిప్ బొనే సమర్పించిన పత్రం దీన్ని అంకెలతో చూపింది. ఎన్ని కోర్లున్నా పాత బ్లాక్ లేయర్ సెకనుకు సుమారు 8 లక్షల అభ్యర్థనల దగ్గరే ఆగిపోతోంది. కోర్లు పెరిగేకొద్దీ ఒకే లాక్ కోసం అన్నీ ఎగబడటం వల్ల పరిస్థితి ఇంకా దిగజారుతోంది కూడా.

వారు ప్రతిపాదించిన రెండంచెల పద్ధతే ‘బీఎల్‌కే-ఎంక్యూ’. పై అంచెలో ప్రతి కోర్‌కూ సొంత సాఫ్ట్‌వేర్ క్యూ ఉంటుంది. కింది అంచెలో డిస్కు ఎన్ని ఇస్తే అన్ని హార్డ్‌వేర్ క్యూలు ఉంటాయి. పైవాటిని కిందివాటికి జతపరిచే పట్టిక ఒకటి. 2014 జనవరిలో వచ్చిన లినక్స్ 3.13లో ఇది చేరింది. పాత మార్గాన్ని పూర్తిగా తీసేయడానికి 2019 మార్చి నాటి 5.0 దాకా ఆగాల్సి వచ్చింది. ఐదేళ్ల పాటు ఒకే కెర్నెల్‌లో రెండు దారులు మోశారంటే, పాత డ్రైవర్లను కదిలించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

వర్చువల్ మెషీన్‌లో అదనపు చిక్కు

మామూలు యంత్రంలో అభ్యర్థన కెర్నెల్ నుంచి నేరుగా డిస్కుకు పోతుంది. వర్చువల్ మెషీన్‌లో మధ్యలో హైపర్‌వైజర్ ఉంటుంది. 1999లో వీఎంవేర్ పీసీల మీదికి వర్చువల్ మెషీన్లను తెచ్చినప్పుడు గెస్ట్‌కు పాతకాలపు డిస్కు కంట్రోలర్‌ను సాఫ్ట్‌వేర్‌లో అభినయించి చూపేవారు. గెస్ట్ ఆ కంట్రోలర్ రిజిస్టర్‌ను ముట్టుకున్న ప్రతిసారీ ప్రాసెసర్ గెస్ట్‌ను ఆపి హైపర్‌వైజర్‌లోకి వెళ్లాలి. ఒక్కో రాకపోకకు మైక్రోసెకను స్థాయిలో ఖర్చవుతుంది. ఒకే కోర్ సెకనుకు 10 లక్షల అభ్యర్థనలు చూడాలంటే ఒక్కోదానికి ఒక్క మైక్రోసెకనే మిగులుతుంది. మొత్తం కాలం రాకపోకలకే సరిపోతుందన్నమాట.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2003లో లోకానికి పరిచయమైన జెన్ అనే హైపర్‌వైజర్ వేరే దారి పట్టింది. తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్నానని గెస్ట్‌కు చెప్పేసి, ఇద్దరికీ అందుబాటులో ఉండే ఒక మెమరీ పేజీలో వలయాకారపు క్యూ పెట్టింది. ఆ ఒక్క పేజీలో 32 అభ్యర్థనలే పట్టేవి. జెన్ డిస్కుకు పలు క్యూలు రావడానికి 2016 నాటి లినక్స్ 4.5 దాకా పట్టింది.

లినక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎం కథ తెలుగువారికి కాస్త దగ్గరిది. క్యూమ్రానెట్ అనే ఇజ్రాయెల్ సంస్థలో ఆవీ కివిటీ రాసిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20లో చేరింది. 2008లో రెడ్‌హ్యాట్ ఆ సంస్థను కొనేసింది. అదే ఏడాది జనవరిలో, అప్పట్లో ఐబీఎంలో పనిచేస్తున్న ఆస్ట్రేలియన్ రస్టీ రసెల్ రూపొందించిన ‘విర్ట్‌ఐఓ’ లినక్స్ 2.6.24లో వచ్చింది. గెస్ట్, దాన్ని మోసే అసలు యంత్రం (దీన్ని హోస్ట్ అంటారు) పంచుకునే క్యూలకు ఇదొక ఉమ్మడి రూపం. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు రెడ్‌హ్యాట్‌ను కొన్నది. ఆ కొనుగోలు వెనుక ముఖ్యుడు పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన అరవింద్ కృష్ణ. 2020 ఏప్రిల్‌లో ఆయన ఐబీఎం సీఈఓ అయ్యారు. వీఎం/370ను తెచ్చిన సంస్థ గొడుగు కిందికే అలా కేవీఎం ప్రధాన నిర్వాహకులూ చేరారు.

హైపర్‌వైజర్‌లోని ఒంటరి థ్రెడ్

2014 అక్టోబరులో లినక్స్ 3.17తో విర్ట్‌ఐఓ డిస్కు డ్రైవర్‌కు పలు క్యూలు వచ్చాయి. విర్ట్‌ఐఓ స్కజీ డ్రైవర్‌కు అంతకుముందే, 2013లో వచ్చాయి. గెస్ట్‌లో చూస్తే సమస్య తీరిపోయినట్టే కనిపిస్తుంది. ఎనిమిది కోర్లకు ఎనిమిది క్యూలు, పని పూర్తయిందన్న కబురు తెచ్చే ఇంటరప్ట్‌లు ఎనిమిది. తీరా కింద చూస్తే ఆ ఎనిమిది క్యూలనూ ఖాళీ చేసేది హోస్ట్‌లో ఒకే ఒక్క థ్రెడ్.

కేవీఎంకు తోడుగా డిస్కులు, నెట్‌వర్క్ కార్డులను అభినయించే ప్రోగ్రాము క్యూఈఎంయూ. ఫాబ్రిస్ బెల్లార్ 2003లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాములో పనులన్నీ ఒక పెద్ద లాక్ కింద జరిగేవి. 2013 ఫిబ్రవరి నాటి 1.4 కూర్పులో స్టెఫాన్ హైనోచి డిస్కు పనిని ఆ లాక్ నుంచి తప్పించి వేరే థ్రెడ్‌కు ఇచ్చే ‘డేటాప్లేన్’ను ప్రయోగాత్మకంగా చేర్చారు. తర్వాత అది ‘ఐఓథ్రెడ్’గా స్థిరపడింది. అప్పుడు కూడా ఒక డిస్కుకు ఒక ఐఓథ్రెడ్డే. నాలుగు డిస్కులుంటే నాలుగు థ్రెడ్లు పెట్టుకోవచ్చు గానీ, ఒకే పెద్ద డిస్కు మీద డేటాబేసు నడిపేవారికి ఆ వెసులుబాటు లేదు. అందుకే చాలామంది నిర్వాహకులు ఒక డిస్కుకు బదులు నాలుగు చిన్న డిస్కులు తగిలించి, గెస్ట్‌లో వాటిని కలిపి ఒకటిగా వాడేవారు. మెయిన్‌ఫ్రేమ్ మారుపేర్ల ఉపాయానికి ఇది తలకిందుల రూపం.

2020 డిసెంబరు నాటి క్యూఈఎంయూ 5.2 కూర్పు నుంచి, ఎవరూ ఏమీ చెప్పకపోయినా గెస్ట్‌కు ఎన్ని కోర్లుంటే అన్ని క్యూలు ఇవ్వడం మొదలైంది. దీనివల్ల ఇంటరప్ట్‌లు సరైన కోర్‌కే చేరడం మెరుగైంది. కానీ కింద థ్రెడ్ ఒక్కటే కాబట్టి గరిష్ఠ వేగం అక్కడే ఆగింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 9.0 కూర్పు ఈ ముడి విప్పింది. ఒక డిస్కు క్యూలను పలు ఐఓథ్రెడ్లకు పంచే వీలు అప్పటికి గానీ రాలేదు. ఎనిమిది క్యూలు, నాలుగు థ్రెడ్లు ఇస్తే ఒకటోది ఒకటికి, రెండోది రెండుకు, ఇలా వంతులవారీగా పంచి ఐదోదాన్ని మళ్లీ మొదటి థ్రెడ్‌కు ఇస్తుంది. ఏ క్యూ ఏ థ్రెడ్‌కో చేత్తో రాసి ఇవ్వచ్చు కూడా. విర్ట్‌ఐఓ స్కజీకి ఇదే వెసులుబాటు 2025 ఏప్రిల్ నాటి 10.0తో వచ్చింది. గెస్ట్‌లో 2013లో కనిపించిన క్యూలకు హోస్ట్‌లో జతగాళ్లు దొరకడానికి 12 ఏళ్లు పట్టింది. క్యూఈఎంయూ బ్లాక్ లేయర్ అంతా ఒకే థ్రెడ్ ముట్టుకుంటుందన్న నమ్మకం మీద రాసింది కావడమే ఇందుకు కారణం. డిస్కు ఇమేజీల స్నాప్‌షాట్లు, బ్యాకప్, బదిలీ వంటి ప్రతి పనినీ మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది.

మైక్రోసాఫ్ట్ దారి

2008 జూన్‌లో మైక్రోసాఫ్ట్ సొంత హైపర్‌వైజర్ హైపర్-వీ విడుదలైంది. 2009 జూలైలో ఆ సంస్థ దాదాపు 20,000 వరుసల డ్రైవర్ కోడ్‌ను లినక్స్‌కు ఇవ్వడం అప్పట్లో పెద్ద వార్త. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2011లో ఆ సంస్థ సర్వర్ విభాగం పగ్గాలు అందుకున్నారు. 2014లో సీఈఓ అయ్యారు.

లినక్స్ గెస్ట్‌లో హైపర్-వీ డిస్కులను చూసే డ్రైవర్ పేరు ‘స్టోర్‌వీఎస్‌సీ’. దీనికి 2013లో పలు ఛానళ్లు వచ్చాయి. ప్రతి కోర్‌కూ ఒకటి చొప్పున కాక, నాలుగు కోర్లకు ఒకటి అన్న నిష్పత్తిని అందులో డిఫాల్ట్ విలువగా పెట్టారు. 16 కోర్ల గెస్ట్‌కు మొత్తం నాలుగు ఛానళ్లన్నమాట. దీనితో కోర్‌కో క్యూ ఉన్నచోట తలెత్తని ప్రశ్న ఇక్కడ తలెత్తింది. ఛానళ్లు కోర్ల కన్నా తక్కువైనప్పుడు ఏ కోర్ ఏ ఛానల్ వాడాలి?

2018 ప్రాంతంలో రాసిన ఎంపిక పద్ధతి చదవదగ్గది. ప్రతి ఛానల్‌కూ ఒక కోర్ నియమితమై ఉంటుంది. ఆ ఛానల్‌లో పూర్తయిన పనుల కబుర్లన్నీ ఇంటరప్ట్‌గా ఆ కోర్‌కే వస్తాయి. అభ్యర్థన పంపే కోరే తన ఛానల్ కబుర్లనూ అందుకుంటుంటే ఆ కోర్ రెండు పనులతో నలుగుతుంది. కొత్త అభ్యర్థనలు పంపడానికి తీరిక ఉండదు. అందుకని డ్రైవర్ ముందు అదే న్యూమా నోడ్‌లో, అంటే అదే మెమరీకి దగ్గరగా ఉన్న కోర్ల గుంపులో, మరో కోర్‌కు చెందిన ఛానల్ కోసం వెతుకుతుంది. దాని వలయంలో పది శాతానికి మించి ఖాళీ ఉంటేనే ఎంచుకుంటుంది. అలాంటిది దొరక్కపోతే సొంత ఛానల్‌లో చోటుందేమో చూస్తుంది. అదీ నిండితే అప్పుడు దూరపు నోడ్‌ల వైపు వెళ్తుంది. దగ్గరగా ఉండటం ఒక లాభం, భారం పంచుకోవడం మరో లాభం. రెండిట్లో దేనికెప్పుడు పెద్దపీట వేయాలో ఇంత చిన్న కోడ్‌లో తేల్చిన ఉదాహరణలు అరుదు.

ఎన్ని క్యూలు చాలు?

ఎన్ని కోర్లుంటే అన్ని క్యూలు అన్న సూత్రం కాగితం మీద బాగుంటుంది. ఒకటి రెండు కోర్ల గెస్ట్‌కు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. కింద ఉన్నది హార్డ్ డిస్కు అయితే ఎన్ని క్యూలు పెట్టినా తల కదిలే వేగం మారదు. గెస్ట్ తనకు నాలుగో కోర్ ఉందనుకుని దానికి క్యూ ముడివేస్తుంది. కింద హోస్ట్ ఆ కోర్‌ను ఒక క్షణం ఒక భౌతిక కోర్ మీద, మరుక్షణం మరోదాని మీద నడుపుతుంది. అలాంటప్పుడు గెస్ట్ లోపల ఎంత జాగ్రత్తగా పంచినా కింద చెదిరిపోతుంది. కోర్లను కదలకుండా కట్టిపడేసే ఏర్పాటు లేనిచోట క్యూల పంపకం గురించి గట్టిగా ఏమీ చెప్పలేం.

ఖర్చు లెక్క ఇంకొకటి ఉంది. ప్రతి ఐఓథ్రెడ్ హోస్ట్ ప్రాసెసర్‌లో కొంత భాగాన్ని తింటుంది. అభ్యర్థన వచ్చిందా లేదా అని ఎదురుచూస్తూ తిరిగే పోలింగ్ పద్ధతిలో మరీను. ఖాతాదారులకు కోర్లను అద్దెకిచ్చే క్లౌడ్ సంస్థకు అది నేరుగా నష్టం. అమెజాన్ 2017లో సీ5 రకం వర్చువల్ మెషీన్లతో పరిచయం చేసిన నైట్రో ఈ లెక్క నుంచే పుట్టిందనుకోవచ్చు. డిస్కు పనిని హోస్ట్ ప్రాసెసర్ నుంచి తీసేసి విడి కార్డుకు అప్పగించారు. గెస్ట్‌కు నెట్‌వర్క్ అవతలి డిస్కు సైతం ఎన్‌వీఎంఈ డిస్కులా కనిపిస్తుంది. మధ్యలో ఒంటరి థ్రెడ్ సమస్యే ఉండదు.

తెలుగు నేల మీద ఇలాంటి క్లౌడ్ సంస్థల కేంద్రాలు ఈ మధ్యే వచ్చాయి. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మూడు అవైలబిలిటీ జోన్లతో మొదలైంది. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డేటా సెంటర్ రీజియన్‌ను ప్రకటించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామంది.

స్వయంగా చూడాలనుకునే విద్యార్థికి పెద్ద సర్వర్ అక్కర్లేదు. లినక్స్ గెస్ట్‌లో ‘సిస్’ డైరెక్టరీ కింద ‘బ్లాక్’, అందులో డిస్కు పేరు, దాని కింద ‘ఎంక్యూ’ తెరిస్తే క్యూలు అంకెల పేర్లతో కనబడతాయి. ఒక్కోదానిలో ఉండే ‘సీపీయూ లిస్ట్’ అనే ఫైలు ఆ క్యూ ఏ కోర్లదో చెబుతుంది. వర్చువల్‌బాక్స్ సాటా డిస్కుకు అక్కడ సున్నా ఒక్కటే ఉంటుంది. క్యూఈఎంయూలో నాలుగు కోర్లతో విర్ట్‌ఐఓ డిస్కు పెడితే సున్నా నుంచి మూడు దాకా కనిపిస్తాయి. ఆక్స్‌బోనే రాసిన ‘ఎఫ్‌ఐఓ’ అనే కొలత ప్రోగ్రామును నాలుగు పనులతో నడుపుతూ, ‘ప్రాక్’ డైరెక్టరీలోని ‘ఇంటరప్ట్స్’ ఫైలును పదేపదే చూడండి. అంకెలు నాలుగు నిలువు వరుసల్లోనూ పెరుగుతుంటే పంపకం జరుగుతున్నట్టు. ఒకే వరుసలో పెరుగుతుంటే ముందు క్యూల సంఖ్య, తర్వాత ఐఓథ్రెడ్ల సంఖ్య మార్చి మళ్లీ కొలవండి. ఒకేసారి రెండూ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.